పడవకో కవరు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఒకే ఒక్క మనిషిని చూసి కుళ్ళుకున్నాను. ఒక్కటే అయినా గట్టి కుళ్ళు. నేను రిటైరైతే అది కూడా నాతోపాటు ఇంటికొచ్చేసింది. మీలో మందుల పరీక్షల లెక్కలు చేసే ఉద్యోగాల్లోకి వెళ్ళబోయేవాళ్ళు ఉంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పనికిరాకపోతే ఒక పెద్దమనిషి కడుపుమంట ఎలా ఉంటుందో చదివి నవ్వుకోండి.

నేను రాజమండ్రిలో ఒక మెడికల్ కాలేజీలో స్టాటిస్టిక్స్ మాస్టారిని. డాక్టర్లు రోగుల్ని చూస్తారు, నేను డాక్టర్లు తెచ్చే అంకెల్ని చూస్తాను. "ఈ మందు పనిచేసినట్టేనా మాస్టారూ?" అంటూ వచ్చేవారు. "ఎంతమంది మీద చూశారండీ?" అని నేను అడిగేసరికి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయేవారు. చుట్టుపక్కల ఈ విద్య తెలిసినవాడు ఇంకొకడు లేడు. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారు. చాలా ఏళ్ళు నేను నిక్షేపంగా ఆముదపు చెట్టుగానే బతికాను.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. భీమవరం వైపు చేపల చెరువులున్న ఇంటి పిల్ల. హైదరాబాదులో మందుల పరీక్షలు చేసే కంపెనీలో పనిచేసి, భర్తకి ఇటు ఉద్యోగం వస్తే మా కాలేజీలో చేరింది. వయసులో నా కూతురి కంటే కాస్త పెద్దది. ఆమె బల్ల మీద రెండు తెరల కంప్యూటరు పెట్టారు. నాకు ఎప్పటి నుంచో ఉన్న ఒక్క తెరదాన్ని "ఇంకా పనిచేస్తోందిగా మాస్టారూ" అని వదిలేశారు. సర్జరీ ప్రొఫెసరు గారు బయటి నుంచి వచ్చిన వాళ్ళకి ఆమెని చూపించి "మా బయోస్టాటిస్టీషియన్" అనేవారు. నన్ను చూపించి "మా లెక్కల మాస్టారు" అనేవారు. అటెండరు టీ కూడా ముందు ఆమె బల్ల దగ్గరికే తీసుకెళ్ళేవాడు. ఆమె బల్ల తలుపు పక్కనే ఉండటం వల్ల అలా జరిగేదని మా ఆవిడ అంటుంది. మా ఆవిడ ఆ గది చూడలేదు.

ఆ అమ్మాయి చెడ్డదైతే ఏ గొడవా ఉండేది కాదు, తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. కానీ ఆమెకి పని వచ్చు. దానికి తోడు నేనంటే గౌరవం. "మాస్టారూ, ఇది ఒకసారి చూస్తారాండీ" అంటూ ప్రతి కాగితమూ నా ముందు పెట్టేది. నేను భూతద్దం పెట్టి చూసేవాణ్ణి. తప్పుండేది కాదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినేవాణ్ణి కాదు. "ఇవాళ కూడా తప్పు దొరకలేదా? మజ్జిగ తాగండి, మంట తగ్గుద్ది" అనేది మా ఆవిడ.

ఇలా ఉండగా ప్రొఫెసరు గారు ఒక పరీక్ష మొదలుపెట్టారు. ఆయన దగ్గరికి వచ్చే పుండ్లలో చాలా మటుకు చేపలవీ రొయ్యలవీ. జెల్ల చేప ముల్లు గుచ్చుకుని వాచిన చేతులు, రొయ్యల చెరువుల్లో చెక్కుకుపోయి చీము పట్టిన కాళ్ళు. వాళ్ళకి మామూలుగా ఇచ్చే మాత్రల కోర్సు పెద్దది. కడుపులో తిప్పుతోందని సగంలో మానేసేవాళ్ళు ఎక్కువ. అందులో సగం రోజులు ఇస్తే సరిపోదా అన్నది ఆయన ప్రశ్న. చిన్న కోర్సు పెద్దదాని కంటే గొప్పదని ఎవరూ అనడం లేదు. దానికి పెద్దగా తీసిపోదని తేలితే చాలు. దీన్ని నాన్ ఇన్ఫీరియారిటీ పరీక్ష అంటారు. నేను క్లాసులో 'తీసిపోదు పరీక్ష' అని చెప్పేవాణ్ణి.

అది ఎలా ఉంటుందో మా ఇంటి సంగతితో చెబుతాను. మా ఆవిడ ఒకసారి ఖరీదు బియ్యం మానేసి చవక బియ్యం తెద్దామంది. రుచి కాస్త తగ్గినా ఫర్వాలేదు. కానీ ఎంత తగ్గితే ఫర్వాలేదో వండక ముందే చెప్పాలి. వండి తిన్నాక "ఇంత తగ్గినా బాగానే ఉందిలే" అంటే అది లెక్క కాదు, సర్దుకుపోవడం. ఆ ముందే గీసుకునే గీతనే మేం హద్దు అంటాం. ఇంకో సంగతి. తేడా కనబడలేదంటే తేడా లేదని కాదు. కళ్ళజోడు లేకుండా బియ్యం ఏరితే రాళ్ళు కనబడవు. తినేటప్పుడు పంటి కింద పడతాయి.

ఈ పరీక్షకి హద్దు నేను గీస్తాననుకున్నాను. ప్రొఫెసరు గారు ఆ అమ్మాయికి అప్పజెప్పారు. ఆమె మళ్ళీ నా దగ్గరికే వచ్చి "ఎక్కడ పెడదామండి మాస్టారూ?" అంది. నేను కాస్త ఉదారంగా ఒక అంకె చెప్పాను. ఆమె అసలు ఏ మందూ వేసుకోకపోతే ఎంతమందికి మానుతుంది, పెద్ద కోర్సుతో ఎంతమందికి మానుతుంది అని పాత పరిశోధనలన్నీ వెతికి, నా అంకె వదులుగా ఉందని, అందులో సగం దగ్గరే పెట్టాలని నెమ్మదిగా చెప్పింది. నిజమే. నాకూ తెలిసిన సంగతే, ఆ పూట తట్టలేదు. "అలాగే కానివ్వమ్మా" అన్నాను. ఆ నెలంతా ఆమె సీటు వైపు చూడకుండా ఉండటానికి కిటికీలోంచి వంతెన మీద రైళ్ళు చూసేవాణ్ణి.

ఎవరికి ఏ కోర్సో కంప్యూటరు తేల్చింది, ఆ చీటీలు ఆ అమ్మాయి కవర్లలో పెట్టి అంటించింది. రోగి వచ్చినప్పుడు వరసలో ఉన్న కవరు చింపడమే. రాజమండ్రిలో కొంతమందిని చేర్చుకున్నారు, నరసాపురంలో మా కాలేజీకున్న చిన్న క్లినిక్కులో కొంతమందిని. నరసాపురం వాళ్ళంతా దాదాపుగా వేటకి వెళ్ళే మనుషులే. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు మాత్రల ఖాళీ అట్టలు తీసుకురమ్మని చెప్పాం. రాజమండ్రి రోగుల్లో సగం మంది మర్చిపోయేవారు. నరసాపురం వాళ్ళు ఒక్కరు కూడా మర్చిపోలేదు. ఒక్క మాత్ర మిగల్చకుండా ఖాళీ అట్టలు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఎంత బుద్ధిమంతులో అని మేమంతా మురిసిపోయాం.

అంకెలన్నీ వచ్చాయి. ఆ అమ్మాయి లెక్క కట్టింది. చిన్న కోర్సు హద్దు లోపలే ఉంది, తీసిపోలేదు. ప్రొఫెసరు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రిపోర్టు మీద సంతకాలయితే మా ఆసుపత్రిలో పుండ్లకి చిన్న కోర్సే ఖాయం చేస్తామన్నారు. విశాఖపట్నంలో డాక్టర్ల సదస్సులో ఈ ఫలితం చెప్పడానికి ఆ అమ్మాయిని పంపుతామన్నారు.

ఆ మాటతో నా ప్రాణం చివుక్కుమంది. ఉద్యోగమంతా డాక్టర్ల పేపర్లలో చివర 'కృతజ్ఞతలు' అన్న చోట నా పేరు వేశారు తప్ప, ఒక్కసారి కూడా వేదిక ఎక్కించలేదు. రిటైరవడానికి ఇంక ఎన్నో నెలల్లేవు. ఇదే ఆఖరి అవకాశం. అది నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయికి పోయింది.

అప్పుడు కూర్చున్నాను తప్పు వెతకడానికి. ఆమె ప్రోగ్రాము వరస వరసా చదివాను. ఏమీ లేదు. రెండు ఊళ్ళనీ విడదీసి చూద్దామనిపించింది. రాజమండ్రిలో చిన్న కోర్సు వాళ్ళు వెనకబడ్డారు. నరసాపురంలో మాత్రం రెండు కోర్సుల వాళ్ళూ కవలపిల్లల్లా ఉన్నారు. మానిన వాళ్ళూ, మానని వాళ్ళూ రెండు వైపులా ఒకే తీరు. రెండు ఊళ్ళనీ కలిపేసరికి రాజమండ్రి తేడా అందులో మునిగిపోయింది. నరసాపురం అంకెలు ఎక్కించేటప్పుడు ఆ అమ్మాయి ఎవరు ఏ కోర్సో తారుమారు చేసి ఉంటుందనుకున్నాను. నా ఆనందం ఏమని చెప్పను. ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకుంటే మా ఆవిడ అనుమానంగా చూసింది.

ఈ మాట ఆమెకి విడిగా చెప్పొచ్చు. చెప్పలేదు. సంతకాల మీటింగులో అందరి ముందూ చెప్పాలని దాచుకున్నాను.

ఆ రోజు ప్రొఫెసరు గారి గదిలో బల్ల మీద కాజాల పెట్టె ఉంది, ఇంకా విప్పలేదు. నరసాపురం క్లినిక్కు డాక్టరు కూడా వచ్చాడు. ఆ అమ్మాయి ఫలితం చెప్పబోతుంటే నేను గొంతు సవరించుకున్నాను.

"ఒక్క నిమిషం అమ్మా. నరసాపురంలో రెండు కోర్సులకీ బొత్తిగా తేడా లేదు, చూశావా? రాజమండ్రిలో ఉంది. ఒకచోట ఉన్న తేడా ఇంకోచోట ఎందుకు పోయిందంటావు?"

ఆమె ముఖం పాలిపోతుందని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె తల ఊపింది.

"అవునండి మాస్టారూ. నాకూ అదే అనుమానం వచ్చిందండి. అంకెలు ఎక్కించడంలో తప్పుందేమోనని కవర్లతో సరిచూశాను, లేదండి. అందుకని మొన్న నరసాపురం వెళ్ళి, పంటు ఎక్కి రేవు దాటి, ఆ ఊళ్ళలో అడిగొచ్చానండి. ఇవాళ అదే చెబుదామనుకున్నాను."

గోదారి దాటి వెళ్ళిందట. నేను కుర్చీలో కూర్చుని ఆమె ప్రోగ్రాము చదువుతుంటే, ఆమె మనుషుల్ని అడగడానికి వెళ్ళింది.

"ఏం చెప్పారమ్మా?" అన్నారు ప్రొఫెసరు గారు.

"బిళ్ళలు పంచుకున్నారండి. ఒకే పడవలో వెళ్ళేవాళ్ళలో కొందరికి పెద్ద కోర్సు కవరు వచ్చింది, కొందరికి చిన్న కోర్సు. వేటకి వెళ్ళేటప్పుడు అందరి బిళ్ళలూ ఒకే డబ్బాలో వేశారు. పుండు ఉన్నవాళ్ళంతా అందులోంచే వేసుకున్నారు. ఒడ్డుకి వచ్చాక ఎవరి అట్టలు వాళ్ళకి ఇచ్చేశారు, మనకి చూపించాలని. ఎందుకలా చేశారని ఒకావిణ్ణి అడిగితే ఆవిడ నన్నే వింతగా చూసిందండి. 'పడవలోకి ఏదొచ్చినా వాటాలే కదండీ. చేపలైనా, చుట్టలైనా. బిళ్ళలు మాత్రం ఏరేగా ఎట్టుకుంటారేంటండి? పక్కోడి పుండు మానకుండా ఈడొక్కడే మింగుతాడా?' అంది."

నాకు చెవులు వేడెక్కాయి.

ఎందుకో ఇక్కడ చెప్పాలి. మా నాన్న నరసాపురం దగ్గర వేరేవాళ్ళ పడవ మీద వాటా మనిషి. పడవకో వాటా, వలకో వాటా పోగా మిగిలింది మనుషులకి తలో వాటా. ఆయనకి ఒకసారి జ్వరమొస్తే ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు పడవలో వాళ్ళంతా తలొకటి వేసుకున్నారు, జ్వరం లేనివాళ్ళతో సహా. ఇంట్లో ఆ సంగతి చెప్పుకుని నవ్వుకుంటూ పెరిగాను. అలాంటి నేను ఖాళీ అట్టలు చూసి మురిసిపోయాను. చెరువు గట్టు మీద పెరిగిన పిల్ల నా వాళ్ళ సంగతి నాకంటే ముందు కనిపెట్టింది. లెక్కలో ఓడిపోతే సర్దుకునేవాణ్ణేమో. నా రేవులో నన్ను ఓడించింది.

ఆమె ఇంకా చెబుతోంది. "పెద్ద కోర్సు వాళ్ళు తక్కువ వేసుకున్నారు, చిన్న కోర్సు వాళ్ళు ఎక్కువ వేసుకున్నారు. రెండూ ఒకటే అయిపోయాయండి. అందుకే తేడా రాలేదు. చిన్న కోర్సు తీసిపోదని మనం చెప్పకూడదండి." తన విశాఖపట్నం ప్రయాణం తనే రద్దు చేసుకుంటోందని ఆమెకి తెలుసు. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

ప్రొఫెసరు గారి ముఖం ఎర్రబడింది. కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని నా వైపు తిరిగారు.

"మాస్టారూ, మీరు సీనియరు. మందు వేసుకున్నా మానేసినా, ఎవరికి ఏ కవరు వస్తే వాళ్ళని ఆ గుంపులోనే లెక్కెయ్యాలని ఇన్నాళ్ళూ మాకు చెప్పింది మీరే కదండీ?"

"అవునండి."

"అలా లెక్కేస్తే హద్దు లోపలే ఉంది కదా?"

"ఉందండి."

"మరింకేంటి? అమ్మాయి చిన్నది, భయపడుతోంది. మీరు సంతకం పెట్టండి. విశాఖపట్నం మీరే వెళ్ళి చెప్పండి. అసలు ముందే మిమ్మల్ని పంపాల్సింది."

చూశారా, ఎంత చక్కగా వచ్చిందో. ఏ వేదిక కోసం కుళ్ళి కుళ్ళి చస్తున్నానో అది బల్ల మీద, కాజాల పెట్టె పక్కనే ఉంది. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. నేను జీవితమంతా పాఠం చెప్పిన మాటే మరోసారి చెబితే చాలు.

నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె నన్ను చూడటం లేదు, తన కాగితాలు సర్దుకుంటోంది. ఆమెకి సరైన జవాబు తెలుసు. నేను ఏం చెబుతానో తెలియదు.

పెన్ను మూత పెట్టేశాను.

"మామూలు పరీక్షల్లో అది గట్టి లెక్కండి. కొత్త మందు గొప్పదని చూపించాలనుకున్నప్పుడు మనుషులు మందు సరిగ్గా వేసుకోకపోతే తేడా తగ్గుతుంది, కొత్త మందు ఓడిపోతుంది. అందుకని నిర్లక్ష్యంగా చేసినవాడికి శిక్ష పడుతుంది. ఈ పరీక్షలో తేడా తగ్గితే గెలుస్తాం. ఇక్కడ అదే మెతక లెక్క. చెప్పినట్టు మందు వేసుకున్నవాళ్ళని విడిగా లెక్కేసినా గెలవాలి. నరసాపురంలో అలా వేసుకున్నవాళ్ళు ఎవరో మనకి తెలియనే తెలియదు. అమ్మాయి చెప్పింది నిజమండి. నేను సంతకం పెట్టను."

మీరు నన్ను మెచ్చుకోక ముందే ఒక మాట. అది ధర్మం కోసం చేసింది కాదు. ఆ పూట రోగులు నాకు గుర్తు రాలేదు. ఆ అమ్మాయి రైటు చెప్పింది, మాస్టారు తప్పు మీద సంతకం పెట్టారు అన్న మాట నా వెనక మిగిలిపోతుందే అన్నదే నా బాధ. ఆమెకి తీసిపోవడం నావల్ల కాలేదు. మనిషిని కొన్నిసార్లు కుళ్ళు కూడా నిలబెడుతుంది.

"అయితే ఇన్నాళ్ళ పనీ గోదాట్లో కలిసినట్టేనా?" అన్నారు ప్రొఫెసరు గారు.

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. "మనిషికో కవరు ఇవ్వకండి. పడవకో కవరు ఇవ్వండి. ఒక పడవలో వాళ్ళందరికీ ఒకటే కోర్సు. పంచుకున్నా అదే మందు పంచుకుంటారు. అయితే అప్పుడు లెక్కలో మనిషిని కాదు, పడవని ఒకటిగా తీసుకోవాలి. చాలా పడవలు కావాలండి."

నరసాపురం డాక్టరు అన్నాడు, "పడవల్లో మనుషులు మారిపోరాండీ మాస్టారూ? ఇవాళ ఈ పడవ, రేపు ఆ పడవ?"

"వేట కాలం మధ్యలో మారరండి. పడవ నడిపే సరంగు దగ్గర ముందే డబ్బు తీసుకుని ఉంటారు, ఆ కాలమంతా ఆ పడవే."

"మీకెలా తెలుసండీ?"

"మా నాన్న వాటా మనిషండి" అన్నాను. ఆ కాలేజీలో ఆ మాట చెప్పడం అదే మొదలు. దాచలేదు, ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ అమ్మాయి మొదటిసారి నా వైపు నోరు తెరిచి చూసింది. నిజం చెప్పాలంటే ఆ చూపు నాకు చాలా బాగుంది.

మీటింగు ఏ నిర్ణయమూ లేకుండా ముగిసింది. అటెండరు వచ్చి కాజాల పెట్టె చూసి "పంచెయ్యమంటారాండీ, పాడైపోతాయి" అని అడిగాడు. ప్రొఫెసరు గారు చెయ్యి ఊపారు. అందరం తలొక కాజా తీసుకుని ఎవరి గదికి వాళ్ళం పోయాం.

వారం తిరిగేసరికి ప్రొఫెసరు గారే నన్ను పిలిచి ఎన్ని పడవలు కావాలో లెక్క కట్టమన్నారు. కోపం తగ్గాక మంచి మనిషే. రెండో పరీక్ష మొదలయ్యేసరికి నేను రిటైరయ్యాను. విశాఖపట్నం సదస్సుకి చివరికి ఆ అమ్మాయే వెళ్ళింది, మొదటి పరీక్ష ఎలా చెడిపోయిందో చెప్పడానికి. మిగతావాళ్ళ గెలుపు కథల కంటే ఆ ఓటమి కథకే ఎక్కువ చప్పట్లు కొట్టారట. పడవకో కవరు అన్న ఆలోచన మా మాస్టారిదని వేదిక మీద చెప్పిందట. ఆ వీడియో నాకు పంపింది. మంచి పిల్ల. నాకు మాత్రం నా పేరు కూడా ఆమె చేత్తో పెడితేనే నా విస్తట్లో పడాల్సొచ్చిందే అనిపించింది. మా ఆవిడ ఆ వీడియో చుట్టాలందరికీ చూపించింది. నేను మజ్జిగ తాగాను.

మొన్నామధ్య ఆ అమ్మాయి ఫోన్ చేసింది. రెండో పరీక్ష అయిపోయింది.

"చిన్న కోర్సు హద్దు దాటేసిందండి మాస్టారూ. తీసిపోదని చెప్పలేం. చిన్న కోర్సు వేసుకున్న పడవల్లో పుండ్లు తిరగబెట్టాయండి. అందరికీ మళ్ళీ పెద్ద కోర్సు ఇచ్చాం."

ఆ రోజు సంతకం పెట్టి ఉంటే ఆ రేవుల్లో వాళ్ళందరికీ ఇప్పటికీ చిన్న కోర్సే ఇస్తూ ఉండేవాళ్ళం. ఎవరి పుండు ఎందుకు మానలేదో ఎవరికీ తెలిసేది కాదు. వాళ్ళలో మా పెదనాన్న మనవలు కూడా ఉన్నారు. ఈసారి మాత్రం వాళ్ళే ముందు గుర్తొచ్చారు.

"మాస్టారూ, ఇంకో మాటండి. రిపోర్టు మీకు పంపుతాను, ఒకసారి తప్పులు చూస్తారా? మీరున్నప్పుడు ఏ కాగితం మీ బల్ల మీద పెట్టాలన్నా ముందు రాత్రి మూడుసార్లు సరిచూసుకునేదాన్నండి. మాస్టారు తప్పు కోసం చూస్తారు, దొరక్కూడదు అని. ఇప్పుడు ఇక్కడ అందరూ బాగుంది బాగుంది అంటారు. భయంగా ఉంటోందండి."

ఆమెకి అంతా తెలుసన్నమాట. "పంపమ్మా" అన్నాను.

ఆ వారమంతా వీధరుగు మీద కూర్చుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఆ రిపోర్టు చదివాను. ఒక్కో పడవనీ ఒకటిగా లెక్క కట్టిన చోట తప్పకుండా దొరుకుతుందనుకున్నాను. ఆశగా చదివాను. హద్దు, కవర్లు, వదిలేసిన పడవలు, అన్నీ చూశాను. మా ఆవిడ రెండుసార్లు కాఫీ తెచ్చి, నా ముఖం చూసి ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

చివరికి ఆమెకి ఇలా రాసి పంపాను. "తప్పు దొరకలేదమ్మా. దొరకలేదంటే లేదని కాదు."

వెంటనే జవాబు వచ్చింది. "అందుకే మీకు పంపుతానండి మాస్టారూ."